ప్రేమికులు పాడని పాటల సినిమా

పాత సినిమాల మీద ఆసక్తి ఉన్న కొందరం ఈ మధ్య కలిసినప్పుడు ఒక మిత్రుడు గట్టిగా వాదించాడు. టాకీలు మొదలైన మూడు నాలుగేళ్ళలో వచ్చిన పాటల హాస్యచిత్రాలను చరిత్ర తెలుసుకోవడానికి చూడవచ్చు గాని, సినిమాలుగా చూసి ఆనందించలేమని ఆయన అభిప్రాయం. తెరకు గొంతు వచ్చిందన్న సంబరంలో ఆనాటి వాళ్ళు కథను నిలబెట్టి పాట పాడించారనీ, పాట అయ్యాక కథ తాను ఎక్కడ ఆగిందో వెతుక్కుని మళ్ళీ నడక మొదలుపెట్టేదనీ, ఈ రెంటికీ పొత్తు కుదరడానికి చాలా కాలం పట్టిందనీ ఆయన వివరించాడు. ఆనాటి సినిమాలలో చాలావాటి విషయంలో ఇది నిజమే. నేనూ అలాంటివి కొన్ని ఓపిక పట్టి చూశాను.

అయితే 1931 వసంతంలో పారిస్‌లో విడుదలైన ఫ్రెంచి దర్శకుడు రెనే క్లేర్ సినిమా ‘లె మిలియోఁ’ ఈ వాదనకు లొంగదు. అది బాగా తీసిన సినిమా కాబట్టి మినహాయించాలని నేను అనడం లేదు. సినిమాలో పాట ఎవరి నోట ఉండాలి, ఎవరి నోట ఉండకూడదు అన్న ప్రశ్నను ఆ తొలినాళ్ళలోనే అడిగి, దానికి తేల్చి జవాబు చెప్పిన సినిమా అది. ఆ జవాబులోనే దాని హాస్యమూ ఉంది, డబ్బు గురించి అది చెప్పదలచుకున్న మాటా ఉంది. పాటలు తీసేస్తే ఆ కథలో మిగిలేది ఒక కోటు, దాని వెనుక పరుగెత్తే పదిమంది మనుషులు మాత్రమే.

కోటు వెంట పరుగు

కథ చూడనివారి కోసం క్లుప్తంగా చెబుతాను. మిషెల్ పారిస్‌లో ఒక పేద చిత్రకారుడు. వీధిలో దుకాణదారులందరికీ బాకీ. ఎదురు గదిలో ఉండే బెయాట్రిస్ ఒపేరాలో (పాటలతోనే నడిచే పాశ్చాత్య నాటకంలో) నాట్యం చేసే అమ్మాయి, అతనికి కాబోయే భార్య. మిషెల్, అతని స్నేహితుడు ప్రొస్పేర్ ఇద్దరూ హాలెండ్ లాటరీ టికెట్లు కొన్నారు. (ఫ్రాన్సులో ప్రభుత్వ జాతీయ లాటరీ 1933లో గాని రాలేదు.) మిషెల్ టికెట్టుకు పది లక్షల ఫ్లోరిన్లు తగులుతాయి. ఆ టికెట్టు ఉన్నది అతని పాత కోటు జేబులో. ఆ కోటును చిరుగు కుట్టడానికి తీసుకున్న బెయాట్రిస్, పోలీసుల నుంచి తప్పించుకుని తన గదిలోకి దూరిన లా తులిప్ అనే ముసలి దొంగ మీద జాలిపడి, వేషం మార్చుకోవడానికి అతనికి ఇచ్చేసింది. లా తులిప్ పైకి పాత బట్టల వ్యాపారి. అతని దుకాణం నుంచి కోటును సొప్రనెల్లి అనే ఒపేరా గాయకుడు రంగస్థలం మీద వేసుకోవడానికి కొనుక్కుంటాడు. అతను ఆ రాత్రి ప్రదర్శన కాగానే అమెరికాకు బయలుదేరబోతున్నాడు. ఇక అందరూ ఆ కోటు వెంట పడతారు.

జార్జ్ బెర్, మార్సెల్ గిల్మో అనే ఇద్దరు రాసిన రంగస్థల ప్రహసనం దీనికి మూలం. తలుపులు తెరుచుకోవడం, తలుపులు మూసుకోవడం, ఒకరిని చూసి ఇంకొకరు అనుకోవడం మీద నడిచే ఈ రకం నాటకాలు క్లేర్‌కు కొత్తవి కావు. మూకీల చివరి రోజుల్లో ఒక గడ్డి టోపీ కోసం పెళ్ళికొడుకు ఊరంతా తిరిగే ప్రహసనాన్ని ఆయన సినిమాగా తీసి పేరు తెచ్చుకున్నాడు. ఆ టోపీ స్థానంలోకి ఇప్పుడు కోటు వచ్చింది. కాని ఆ రెండు సినిమాల మధ్య కాలంలో సినిమాకు మాట వచ్చింది. నాటకంలో నవ్వించేదంతా మాటలే. ఆ మాటలన్నీ తెర మీద వినిపించడం మొదలుపెడితే తన సినిమా తిరిగి నాటకశాలలోకి వెళ్ళి కూర్చుంటుందన్నది క్లేర్ భయం.

గొంతు వచ్చిన కొత్తలో

ఈ భయం అర్థం కావాలంటే 1929 నాటి పరిస్థితి గుర్తు చేసుకోవాలి. కెమెరా చప్పుడు మైకులో పడకుండా ఉండటానికి దాన్ని ఒక గదిలాంటి పెట్టెలో బిగించారు. అప్పటిదాకా స్వేచ్ఛగా తిరిగిన కెమెరా కదలడం మానేసింది. నటులు పూలకుండీలోనో దీపపు గుత్తిలోనో దాచిన మైకు చుట్టూ గుమికూడి మాట్లాడారు. మూకీలలో పదేళ్ళు కష్టపడి సంపాదించిన భాష ఒక్కసారిగా చేజారిపోయిందని బాధపడిన దర్శకులలో క్లేర్ ఒకడు.

అయినా ఆయన తలుపు మూసుకుని కూర్చోలేదు. ఆ ఏడాదే లండన్ వెళ్ళి, అక్కడ ఆడుతున్న అమెరికన్ టాకీలు చూసి, తన పరిశీలనలను ఉత్తరంగా రాశాడు. వాటిలో ‘బ్రాడ్‌వే మెలొడీ’ లోని ఒక చిన్న సన్నివేశం గురించి ఆయన రాసిన మాటలు సినిమా శబ్దం గురించి ఇవాళ్టికీ పనికొస్తాయి. ఒక స్త్రీ కిటికీ దగ్గర నిలబడి వెళ్ళిపోతున్న మనిషిని చూస్తూ ఉంటుంది. మనకు కనిపించేది ఆమె ముఖం మాత్రమే. కారు తలుపు వేసిన చప్పుడు, కారు కదిలి దూరమవుతున్న చప్పుడు మనకు వినిపిస్తాయి. ఒకటి చూపించి మరొకటి వినిపించడం వల్ల మూకీలో నాలుగైదు షాట్లు పట్టే పని ఒక్క షాట్‌లో అయిపోయింది. తెర మీద ఉన్నదాన్నే మళ్ళీ చెవికి చెప్పడం శబ్దం పని కాదనీ, తెర మీద లేనిదాన్ని అది తేవాలనీ క్లేర్ గ్రహించాడు. మరుసటి ఏడాది తీసిన ‘సూ లె త్వా ద పారీ’లో ఈ ఆలోచనను ప్రయత్నించి చూశాడు. అక్కడ మనుషులు గాజు తలుపు అవతల మాట్లాడుకుంటారు, మనకు మాట వినిపించదు. ఆ సినిమా పారిస్‌లో చప్పగా మొదలై బెర్లిన్‌లో విజయం సాధించాక తిరిగి తన ఊళ్ళో గౌరవం పొందింది.

‘లె మిలియోఁ’ ఆ తర్వాతి మెట్టు. దీన్ని కూడా జర్మన్ సంస్థ తోబిస్ పారిస్ శివార్లలోని ఎపినేలో నడిపిన స్టూడియోలోనే తీశారు. ఇందులో క్లేర్ మాటను దాచే పని మాని, మాట ఉండవలసిన చోట పాటను పెట్టాడు. ముఖ్యపాత్రలు తప్ప మిగిలిన అందరూ పాడే సంగీత ప్రహసనం తీయాలన్నది తన ఆలోచన అని ఆయన తర్వాత చెప్పుకున్నాడు. అర్మాన్ బెర్నార్, ఫిలిప్ పరేస్, జార్జ్ వాన్ పరీస్ ముగ్గురూ కలిసి సంగీతం కూర్చారు.

అందరూ పాడతారు, ఇద్దరు తప్ప

ఈ సినిమాలో పాడేది ఎవరో చూడండి. అప్పులవాళ్ళు పాడతారు. మిషెల్‌ను తిడుతూ గుంపుగా మేడమెట్లు ఎక్కుతారు. పోలీసుల పరుగుకూ లయ ఉంది. లా తులిప్ ముఠాలోని దొంగలకు ఒక బృందగీతం ఉంది. వాళ్ళు దాన్ని తమ సంఘగీతం లాగా గంభీరంగా పాడతారు. స్నేహితుడికి ద్రోహం చేసిన ప్రొస్పేర్‌కు అతని అంతరాత్మ కూడా పాటగానే వినిపిస్తుంది, పాడేవాళ్ళు మాత్రం కనిపించరు. పాడనిది మిషెల్, బెయాట్రిస్ ఇద్దరే. మామూలుగా పాటల సినిమాలో పాట ఎవరిదో వాళ్ళకే ఇక్కడ పాట లేదు.

మా పిన్నితో కలిసి ఈ సినిమా చూసినప్పుడు ఈ సంగతి ఎంత కొట్టొచ్చినట్టు ఉంటుందో నాకు మరింత బాగా తెలిసింది. ఆవిడకు ఫ్రెంచి రాదు, ఇంగ్లీషు ఉపశీర్షికలు చదివే అలవాటూ లేదు. అక్కడక్కడ నేను కథ చెబుతూ ఉంటే చాలా ఇష్టంగానే చూసింది. సగం సినిమా అయ్యాక, “అందరూ పాడుతున్నారు గదరా, ఆ పిల్లా పిల్లాడూ పాడరేం?” అని అడిగింది. మన సినిమా చూసి పెరిగిన మనిషికి రావలసిన ప్రశ్నే అది. మన దగ్గర పాట మొదటి రోజు నుంచీ నాయికా నాయకులది. ‘లె మిలియోఁ’ విడుదలకు కొన్ని వారాల ముందే, 1931 మార్చి 14న, బొంబాయిలో తొలి భారతీయ టాకీ ‘ఆలం ఆరా’ విడుదలైంది. 1932 ఫిబ్రవరిలో వచ్చిన తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ సురభి కళాకారులు ఆడిన నాటకం ఆధారంగా తీసినది. పద్యనాటకంలో పాత్ర ఎంత ముఖ్యమైనదో దానికి ఉన్న పద్యాలను బట్టి చెప్పవచ్చు. ఆ కొలమానమే తెర మీదికి వచ్చింది, ఇవాళ్టికీ చాలావరకు అదే నడుస్తోంది. నాయకుడికి పాట ఉంటుంది. నాయకుడికి అప్పు పెట్టిన కిరాణా కొట్టు యజమానికి ఉండదు.

క్లేర్ ఈ వరుసను తలకిందులు చేయడం వింత కోసం చేసిన పని కాదని నేను అనుకుంటున్నాను. అప్పులవాళ్ళ పాటలను వరుసగా గమనిస్తే ఇది తెలుస్తుంది. ఉదయం వాళ్ళందరూ ఒక్క గొంతుతో మిషెల్‌ను ఈసడిస్తారు. లాటరీ తగిలిన సంగతి తెలిసిన క్షణంలోనే ఆ నోళ్ళే, అంత ఐకమత్యంతోనే, అతన్ని పొగుడుతాయి. మధ్యలో ఆలోచన లేదు, సిగ్గు లేదు, ఒక్కరైనా వెనక్కి తగ్గడం లేదు. ఇదే మార్పును మాటల్లో చూపిస్తే ఒక్కొక్క దుకాణదారుడు ఒక్కొక్క విధంగా మాట మార్చాలి. అప్పుడు ఒకడు కపటిగా, ఇంకొకడు అమాయకుడిగా కనిపిస్తాడు, మనం వాళ్ళను వేరువేరుగా తీర్పు తీర్చడం మొదలుపెడతాం. బృందగానంలో ఆ అవకాశం లేదు. డబ్బు వచ్చింది కాబట్టి ఊరి గొంతు మారింది, అంతే. ఆ గొంతులో చేరిన ఏ ఒక్క మనిషి మీదా మనకు కోపం రాదు. డబ్బు మనుషుల చేత ఒకే మాట అనిపించే తీరును పాట ఒక్కటే ఇంత సూటిగా పట్టుకోగలదు.

దొంగల గీతం కూడా ఈ లెక్కలోనిదే. అప్పులవాళ్ళకూ దొంగలకూ మిషెల్ కోటుతో ఉన్న సంబంధం ఒకటే కాబట్టి, వాళ్ళ పాటలకు పోలిక ఉండటం సహజం. ఒకే ఆసక్తి కలిగిన మనుషులు గుంపుగా చేరినప్పుడల్లా ఈ సినిమాలో పాట పుడుతుంది. ప్రేమలో గుంపు లేదు, అందువల్ల ప్రేమికులకు పాట లేదు. మరి వాళ్ళు తమ మనసులోని మాట ఎలా చెప్పుకోవాలి?

పొద చాటున

ఈ ప్రశ్నకు జవాబు ఒపేరా సన్నివేశంలో వస్తుంది. సినిమాలో అత్యుత్తమమైన ఆరేడు నిమిషాలు అవే.

కోటు వేసుకున్న సొప్రనెల్లి రంగస్థలం మీదికి రాబోతున్నాడు. మిషెల్ కోటు కోసం లోపలికి చొరబడ్డాడు. బెయాట్రిస్ అక్కడే పనిచేస్తుంది. మిషెల్ చేత చిత్రం గీయించుకుంటున్న వాండా అనే అమ్మాయి విషయంలో ఆమెకు అతని మీద కోపం. ఇద్దరూ రంగస్థలం మీద, అట్టతో చేసిన పొద వెనుక చిక్కుకుంటారు. అంతలో తెర లేస్తుంది. ఇక కదలడానికి వీల్లేదు, మాట్లాడటానికి అంతకంటే వీల్లేదు. పొద అవతల సొప్రనెల్లీ, ఒక భారీ కాయపు గాయనీ చెట్ల కింద బల్ల మీద కూర్చుని యుగళగీతం అందుకుంటారు. తెర లేవడానికి ముందు వరకూ ఆ ఇద్దరూ ఒకరినొకరు తిట్టుకుంటున్నారు, ఒకరి ముఖం ఒకరు చూడలేనంత పగ. ఇప్పుడు చేతిలో చెయ్యి వేసుకుని, ఇన్నాళ్ళకు మనమిద్దరమే మిగిలాం, ఈ రాత్రి మనదే అని పాడుతున్నారు. వాళ్ళ ముందు సభ నిండా జనం ఉన్నారు. వాళ్ళ వెనుక ఇంకో జంట దాక్కుని ఉంది.

కెమెరా పొద ఇవతలికి వస్తుంది. పాట ఆగదు. బెయాట్రిస్ మిషెల్ వైపు వీపు పెట్టి కూర్చుంది. గాయకుడు క్షమించమని వేడుకునే చరణానికి వచ్చినప్పుడు మిషెల్ చేతులు కదులుతాయి. తను అనలేని మాట అవతల ఎవరో అంటున్నారు, అందుకు తగిన అభినయం మాత్రం తనది. ఆమె ముందు వినిపించుకోనట్టు ఉంటుంది. గాయని జవాబు అందుకున్నప్పుడు ఆమె ముఖంలో బిగువు కొంచెం సడలుతుంది. బెయాట్రిస్‌గా వేసిన అనాబెల్లా ఇక్కడ నటించిన తీరు మూకీలలో నేర్చిన నటన. పెదవి కదలదు, కనురెప్ప మాత్రం కదులుతుంది. పైన అటక మీద రంగస్థలం పనివాడు ఒకడు బుట్టలోని కాగితపు రేకులు గుప్పిళ్ళతో తీసి కిందికి వదులుతున్నాడు. అవి గాయకుల మీద ఎలా పడుతున్నాయో పొద వెనుక ఉన్నవాళ్ళ మీదా అలాగే పడుతున్నాయి. పాట చివరికి వచ్చేసరికి పొదకు రెండు వైపులా ఆలింగనమే. తెర పడగానే గాయకుల ఆలింగనం విడిపోయి తిట్లు మళ్ళీ మొదలవుతాయి. పొద వెనుక జంట విడిపోదు.

ఈ సన్నివేశాన్ని ఒపేరా మీద వెక్కిరింతగా చూసేవాళ్ళు చాలామంది ఉన్నారు. లావుపాటి గాయకులు, అట్టచెట్లు, కాగితపు పూలు కనిపిస్తాయి కాబట్టి అలా అనిపించడం సహజం. కాని క్లేర్ వెక్కిరించి ఊరుకుని ఉంటే పొద వెనుక ఆ జంట అవసరమే లేదు. ప్రదర్శన ఎంత కృత్రిమమో పూర్తిగా చూపించిన తర్వాత, ఆ కృత్రిమమైన పాటే ఇద్దరు నిజమైన మనుషులను కలిపిందని ఆయన చూపిస్తున్నాడు. పాడేవాళ్ళకు ఆ పాటలో నమ్మకం లేదు, వినేవాళ్ళకు ఉంది. పాట నిజమా అబద్ధమా అన్నది పాడినవాడి మనసులో తేలే విషయం కాదు, విన్నవాడి దగ్గర తేలుతుంది. సినిమా పాట వింటూ తమ సొంత విషయాలు తలుచుకున్న కోట్లాది మంది అనుభవం ఇదే. నేపథ్య గాయకుడు ఆ పాట పాడిన రోజున ఏ మనఃస్థితిలో ఉన్నాడో మనం ఎన్నడూ విచారించలేదు. ప్రేక్షకుడికీ పాటకూ ఉన్న ఈ సంబంధాన్ని, టాకీలు పుట్టిన నాలుగో ఏట, ఒక హాస్యచిత్రం ఇంత స్పష్టంగా కథలోనే పెట్టి చూపించడం నాకు ఎన్నిసార్లు చూసినా ఆశ్చర్యమే.

మా మిత్రుడి వాదనకు నా జవాబు కూడా ఈ సన్నివేశమే. ఇక్కడ కథ ఆగి పాట రాలేదు. పాట తీసేస్తే వాళ్ళిద్దరూ కలిసే దారి లేదు, కథ అక్కడే నిలిచిపోతుంది.

కోటు కాస్తా బంతి అయినప్పుడు

లండన్‌లో గ్రహించిన సూత్రాన్ని క్లేర్ పూర్తిగా వాడుకున్న చోటు ఆ తర్వాత వస్తుంది. తెర వెనుక కోటు కోసం అందరూ కలబడతారు. కోటు ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి ఎగురుతుంది, దొరికినవాడు గుండెకు హత్తుకుని పరుగెత్తుతాడు, మిగిలినవాళ్ళు అతని మీద పడతారు. ఉన్నట్టుండి శబ్దపు పట్టీ మీద క్రీడామైదానంలోని జనఘోష, రిఫరీ ఈల వినిపిస్తాయి. తెర మీద ఒపేరా వేషాలలో ఉన్న మనుషులు, చెవిలో రగ్బీ ఆట. ఒక్క డైలాగు లేదు, ఎవరూ దేన్నీ దేనితోనూ పోల్చి చెప్పలేదు. పోలిక అంతా శబ్దమే చేసింది.

ఇవాళ మనకు ఇది సాధారణంగా అనిపించవచ్చు. టీవీ హాస్య కార్యక్రమాలలో ప్రతి పది సెకన్లకూ ఇలాంటి శబ్దం ఒకటి వేస్తున్నారు. అయితే 1931లో సగటు నిర్మాతకు శబ్దం అంటే తెర మీది మనిషి నోరు తెరిస్తే మాట రావడం, తలుపు వేస్తే చప్పుడు రావడం. చూస్తున్నది ఒకటి, వింటున్నది వేరొకటి అయినప్పుడు ప్రేక్షకుడు ఆ రెంటినీ తానే కలుపుకుని నవ్వుతాడన్న నమ్మకం అప్పటికి చాలామందికి లేదు. అమెరికాలో లూబిచ్, మమూలియన్ వంటి దర్శకులు తమ దారిన ఇదే వెతుకుతున్నారు. ఆ వెతుకులాట జరిగిన కొద్ది ఏళ్ళను మనం “తొలినాళ్ళ తడబాటు” అని తీసిపారేయడం అన్యాయమని నా బాధ. తర్వాత వచ్చిన వాళ్ళు సౌకర్యాలు పెంచుకున్నారు. ఆ ధైర్యం మాత్రం అందరికీ రాలేదు.

ఒప్పుకోవలసిన అభ్యంతరాలు

ఇంత చెప్పాక ఎదుటి పక్షం మాట కూడా వినాలి. మొదటిది, ఈ సినిమాలో పేదరికం బరువు లేదు. మిషెల్‌కు బాకీలు ఉన్నాయి గాని ఆకలి ఉన్నట్టు కనిపించదు. 1931 అంటే ఆర్థిక మాంద్యం అమెరికాను కుంగదీసి యూరప్‌ను చుట్టుముడుతున్న ఏడాది. అలాంటి ఏడాదిలో లాటరీ టికెట్టు చేత కష్టాలు తీర్పించడం పలాయనమే గదా అని అడగవచ్చు. నేను ఈ ప్రశ్నను తేలిగ్గా తోసెయ్యలేను. క్లేర్‌కూ అది తట్టినట్టుంది, అదే ఏడాది చివరలో ఫ్యాక్టరీలనూ జైళ్ళనూ పక్కపక్కన పెట్టి ‘ఆ ను లా లిబెర్తే’ తీశాడు. కాని ‘లె మిలియోఁ’ను దాని సొంత పద్ధతిలో చూడటం న్యాయం. కళా దర్శకుడు లాజార్ మేర్‌సన్ ఈ సెట్లలో నటులకూ వెనుక గోడలకూ మధ్య పల్చని జాలీ గుడ్డ కట్టించాడు. దాంతో వెనుక ఉన్న వస్తువులన్నీ కొంచెం వెలిసిపోయి, బరువు తగ్గి కనిపిస్తాయి. మనుషులు మాత్రం స్పష్టంగా ముందుకు వస్తారు. జార్జ్ పెరినాల్ ఛాయాగ్రహణం ఆ తేలికదనాన్ని చివరిదాకా కాపాడింది. గోడకే బరువు లేని ప్రపంచంలో అప్పుకు మాత్రం బరువు ఉండాలని కోరడం కుదరదు. ఇది పారిస్ నగరం గురించిన సినిమా కాదు, డబ్బు వచ్చిందన్న వార్త గురించిన సినిమా. ఆ టికెట్టు సినిమా అంతటా ఎవరి చేతిలోనూ లేకుండానే ఊరంతటినీ ఆడిస్తుంది. సాయంత్రానికి అప్పులవాళ్ళు ఇంట్లో విందు కూడా మొదలుపెట్టేస్తారు, టికెట్టు దొరకలేదని మిషెల్‌కు మాత్రమే తెలుసు. రోజంతా కిరాయి అందని టాక్సీవాడు కూడా ఆ వార్తను నమ్మే అతని వెంట తిరుగుతాడు. వార్త మీద నడిచే ఆర్థిక వ్యవస్థను అందరూ కళ్ళారా చూసిన కాలం అది. అందువల్ల ఆ కాలంతో ఈ సినిమాకు సంబంధం లేదని నేను ఒప్పుకోలేను.

రెండో అభ్యంతరం పాత్రల గురించి. వీళ్ళు మనుషుల కంటే తోలుబొమ్మలకు దగ్గరగా ఉంటారని అంటారు. ప్రొస్పేర్‌ను తీసుకుందాం. లా తులిప్ అని పొరపడి పోలీసులు మిషెల్‌ను పట్టుకున్నప్పుడు, గుర్తుపట్టడానికి పిలిపించిన ప్రొస్పేర్ ఇతనెవరో తనకు తెలియదంటాడు. స్నేహితుడు అనే మాటకు ఇంతకంటే ద్రోహం లేదు. అయినా సినిమా అక్కడ నిలబడదు. అంతరాత్మ పాటతో కాసేపు గిల్లి, అతన్ని మళ్ళీ పరుగులోకి పంపిస్తుంది. నాటకంగా ఇది లోపమే కావచ్చు. ప్రహసనంలో మనిషి నీచత్వం ఒక్క క్షణం మెరిసి మాయమైతేనే మనం దాన్ని నవ్వుతూ చూడగలం. నవ్వాక గుర్తుపెట్టుకోవడం మన వంతు. ఆ సన్నివేశం నాకు మిగిలిన సినిమా అంత బాగానూ గుర్తుంది కాబట్టి క్లేర్ లెక్క తప్పలేదనే అనుకుంటున్నాను.

బెయాట్రిస్ సంగతి

మూడో అభ్యంతరానికి మాత్రం నా దగ్గర జవాబు లేదు. కథ మొత్తాన్ని కదిలించిన పని బెయాట్రిస్ చేసింది. ముక్కూ మొహం తెలియని మనిషి ఆపదలో ఉన్నాడని దయతలచి కోటు ఇచ్చింది. చివరికి లా తులిప్ ఆ కోటును తెచ్చి ఇచ్చి అందరినీ గట్టెక్కించడానికి కూడా మూలం ఆ దయే. ఈ సినిమాలో డబ్బు ఆశ లేకుండా ఎవరైనా చేసిన పని అదొక్కటే. ఆమె సొంతంగా సంపాదించుకునే మనిషి, మిషెల్ చిరుగులు కుట్టేదీ ఆమే. అతను వాండాతో సరసాలాడుతున్నాడన్న ఆమె కోపంలోనూ న్యాయం ఉంది.

అయినా ఆ న్యాయాన్ని ఆమె నోటితో చెప్పుకునే చోటు సినిమాలో ఎక్కడా రాదు. పాటలు గుంపులకే చెందాలన్న క్లేర్ నియమం మిషెల్‌కు పెద్దగా నష్టం చేయలేదు. అతనికి పరుగు ఉంది, స్నేహితుడు ఉన్నాడు, వెంటపడే ఊరు ఉంది, అతను ఏం కోరుకుంటున్నాడో ప్రతి ఫ్రేములోనూ తెలుస్తూనే ఉంటుంది. బెయాట్రిస్‌కు అవేవీ లేవు. పొద వెనుక గాయకుడి చరణం మిషెల్ క్షమాపణగా సరిగ్గా సరిపోయింది, ఎందుకంటే అతను చెప్పవలసింది నిజంగా అదే. గాయని చరణం ఆమె జవాబుగా అంత సరిపోలేదు. ఆ గాయని క్షమిస్తున్నది ఒపేరా రచయిత క్షమించమన్నాడు కాబట్టి. బెయాట్రిస్ ఎందుకు క్షమించిందో అనాబెల్లా కళ్ళలో వెతుక్కోవాలి. ఆ నటి గొప్పతనం వల్ల కొంత దొరుకుతుంది, కొంత దొరకదు. అప్పులవాళ్ళకు బృందగానం రాసి, దొంగలకు సంఘగీతం రాసి, చివరకు ప్రొస్పేర్ అంతరాత్మకు కూడా గొంతు ఇచ్చిన సినిమా, కోటు ఇచ్చిన అమ్మాయికి ఇంకొక స్త్రీ పాటను అరువిచ్చి సరిపెట్టింది. “ఆ పిల్ల పాడదేం?” అని పిన్ని మళ్ళీ అడిగితే, మిషెల్ గురించి చెప్పినంత ధీమాగా నేను ఆమె గురించి చెప్పలేను.